ఒకే చేతి కింద నూట పన్నెండు

పోలమ్మ టీ గ్లాసు పట్టుకున్న తీరు తవిటినాయుడికి నచ్చలేదు.

పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ, అదీ స్టీలు గ్లాసులో. మిగతావాళ్ళంతా చున్నీ అంచో జేబురుమాలో అడ్డం పెట్టుకుని ఊదుకుంటున్నారు. పోలమ్మ మాత్రం గ్లాసుని కుడి అరచేతిలో నిండా పొదువుకుని, తమ ఇంట్లో కోడిపెట్ట గుడ్ల మీంచి లేవనంటోందని పక్కనున్న అమ్మాయికి తాపీగా చెబుతోంది. అరచెయ్యి కందిపోతోంది. మొహంలో మాత్రం ఆ జాడే లేదు.

"అత్తా, కాలట్లేదేటి?" అన్నాడు తవిటినాయుడు.

"కాలితే పారేస్తానేటి? ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో ఫినాయిలు నీళ్ళలో నానిన సెయ్యిరా ఇది. నీదాగ కంప్యూటరు మీద పెరిగిన సెయ్యేటి, ఊదితే కందిపోడానికి?"

అందరూ నవ్వారు. తవిటినాయుడూ నవ్వాడు. కానీ ఆవిడ మాటల్లో పడి గ్లాసుని ఎడమచేతిలోకి మార్చుకోబోయింది. ఎడమచెయ్యి తేలు కుట్టినట్టు వెనక్కి పోయింది. టీ ఒలికింది. పోలమ్మ గబుక్కున కొంగుతో బల్ల తుడిచి, ఎవరైనా చూశారా అన్నట్టు ఒకసారి చుట్టూ కలయజూసింది.

తవిటినాయుడు చూశాడు.

ఆ ప్రయోగశాల ఉద్దానంలో ఒక పాత జీడిపప్పు గోడౌనులో ఉంది. వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి కాల్చిన జీడితొక్క వాసన వస్తుంది. కిడ్నీలు పాడైనవాళ్ళు ఇంటికొకరున్న ఊళ్ళు చుట్టూతా. వాళ్ళకి పొట్టలో గొట్టం పెడతారు. ఆ గొట్టంలోంచి సంచిలోని మందునీళ్ళు ఎక్కించి, కొన్ని గంటలుంచి దించెయ్యాలి. రోజుకి నాలుగుసార్లు, బతికినన్నాళ్ళూ. ఆ పని ఇంట్లో పెళ్ళామో తల్లో కూతురో చెయ్యాలి. గొట్టం మూతికి వేలు తగిలిందా, పొట్టలో చీము పడుతుంది. దించిన నీళ్ళు తెల్లగా కుడితిలా వస్తాయి. ఆ తర్వాత మనిషి దక్కడం వాళ్ళ అదృష్టం.

ఈ పనిని పుస్తకంలో రాసి ఇచ్చారు. చదువు రానివాళ్ళు దాన్ని దేవుడి పటం వెనకాల దాచుకున్నారు. వీడియోలు తీసి ఇచ్చారు. చూసినంతసేపూ తెలిసినట్టే ఉండేది, గొట్టం చేతికి రాగానే అంతా మరుపు. అప్పుడు విజయభారతి మేడమ్ చేతొడుగు కనిపెట్టింది. సహాయపాఠాన్ని కళ్ళకి చూపించకుండా, చెవికి చెప్పకుండా, సరాసరి చేతికే ఇచ్చే పల్చని తొడుగు అది.

పాఠాలు రాసే అమ్మాయిలు తెర మీద మామూలుగానే వాక్యాలు రాస్తారు. ఒక్కో వాక్యానికీ ఒక్కో స్టైలు తగిలిస్తారు. అచ్చుపుస్తకంలో స్టైలంటే అక్షరం లావూ, రంగూ, అంతే. ఇక్కడ 'మెట్టు' అనే స్టైలు తగిలిస్తే తొడుగులో వేళ్ళు మెల్లగా ముందుకి నడుస్తాయి. 'ఆగు' అంటే మణికట్టు బరువెక్కుతుంది. 'హెచ్చరిక' అంటే, వేలు గొట్టం మూతికి గోరంత దూరంలో ఉండగానే, నిప్పు సెగ తగిలినట్టు తనంతట తానే వెనక్కి ముడుచుకుంటుంది.

ఆ ముడుచుకోవడం యంత్రం తయారుచేసింది కాదు. యంత్రంతో తయారుచేసినవి వాడి చూశారు. చెంపదెబ్బలా ఉందని జనం తొడుగులు విప్పి పారేశారు. తర్వాత డిగ్రీలున్న నర్సుల చేతుల్ని కదలిక పట్టే ఒక పెట్టెలో పెట్టించి వాళ్ళ నరాల కదలిక పట్టారు. అది బాగానే ఉంది కానీ జనానికి అంటలేదు. ఆఖరికి ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన పోలమ్మ చెయ్యి పెట్టారు. మొదటిసారి ఆ తొడుగు వేసుకున్న ఒక ముసలాయన, "మా యమ్మ సెయ్యట్టుకుని ఎనక్కి లాగినట్టుందమ్మా" అన్నాడు. ఆ ఏడాది ఆ ఊళ్ళో ఒక్క పొట్టలో కూడా చీము పట్టలేదు. విజయభారతి మేడమ్ అంతటావిడ పోలమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

అయితే దానికి రెండు చిక్కులున్నాయి. పట్టిన కదలిక మూడు నెలలకి పాచిపోతుంది. మళ్ళీ చెయ్యి పెట్టెలో పెట్టి కొత్తగా పట్టాలి. పట్టినప్పుడల్లా ఆ చేతిలో స్పర్శ వెంట్రుకవాసి చచ్చిపోతుంది. కొద్దిగానైతే మళ్ళీ పుంజుకుంటుంది. అందుకని మూడు నెలల్లో ఒక చేతినుంచి పదికి మించి పట్టకూడదని నియమం. స్టైళ్ళ జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. లెక్క దాటకపోతే పచ్చ, దాటితే ఎరుపు. ఆ జాబితా చూపించే ప్రోగ్రాము రాసినవాడు తవిటినాయుడే.

ఆవేళ టీ తాగి లోపలికొచ్చాక విజయభారతి మేడమ్ అతని కుర్చీ వెనక నిలబడింది.

"తవిటినాయుడూ, నీ జాబితా చాంతాడంత అయిపోయిందయ్యా. నూట నలభై మూడు పేర్లు, అన్నీ అక్షరక్రమంలో. కావలసింది వెతుక్కోలేక అమ్మాయిలు నన్ను తింటున్నారు. దేన్నుంచి పుట్టినదాన్ని దానికిందే సర్ది చూపించు. కుటుంబాలుగా."

"సాయంత్రానికల్లా చేసేస్తాను మేడమ్."

కష్టమైన పనేం కాదు. ఏ స్టైలుకి ఏది తల్లో లోపల రాసే ఉంటుంది. దాన్ని పైకి చూపించడమే. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా కూర్చుని రాసి, మీట నొక్కాడు.

జాబితా ముడుచుకుంది. నాలుగు తెరల పొడుగున్నది జానెడైపోయింది. మురిసిపోతూ, అన్నిటికన్నా పైనున్న పేరుని విప్పాడు.

'హెచ్చరిక. మూలం: పోలమ్మ, కుడిచెయ్యి.'

దాని కింద పిల్లలు దిగడం మొదలైంది. హెచ్చరిక-వానాకాలం. హెచ్చరిక-కరెంటు లేనప్పుడు. హెచ్చరిక-ఎడమచేతివాటం. హెచ్చరిక-వణుకు చేతులు. దిగుతూనే ఉన్నాయి. 'హెచ్చరిక-నకలు-నకలు-కొత్తది' అని ఒకటి. అది తను చేసిందే. ఎందుకు చేశాడో కూడా గుర్తులేదు.

మొత్తం నూట పన్నెండు. అన్నిటి పక్కనా పచ్చచుక్కే.

తవిటినాయుడు మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే. కంప్యూటరు పనివాళ్ళకి ఒక అలవాటుంది. కొత్తది కావాలంటే మొదట్నుంచి ఎవడూ చెయ్యడు. ఉన్నదానికి నకలు తీసి, పేరు మార్చి, రెండు సవరణలు చేసి వాడుకుంటాడు. కాగితం మీది అక్షరాలకైతే ఎన్ని నకళ్ళు తీసినా ఒరిగేదీ తరిగేదీ లేదు. ఇక్కడ ఒక్కో నకలూ మూడు నెలలకోసారి తల్లి దగ్గరికెళ్ళి తన వాటా తాను తాగుతోంది. చుక్క మాత్రం ఒక్కో వరసకి ఒక్కటిగా లెక్క కడుతోంది. నూట పన్నెండు వరసలు, ఒక్కో వరసకి ఒక్కసారి. పదిలోపే కదా, పచ్చ. అన్ని వరసలదీ ఒకే చెయ్యని అక్షరక్రమంలో ఎవరికి కనిపిస్తుంది?

పెట్టె దగ్గరున్న పుస్తకం తీశాడు. మూడేళ్ళ కిందట పోలమ్మ మొదటిసారి కూర్చున్నది పన్నెండు నిమిషాలు. రెండు నెలల కిందట కూర్చున్నది నాలుగు గంటల పది నిమిషాలు.

విజయభారతి మేడమ్ తెర వైపు చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"చేతికి లెక్కపెట్టాల్సింది వరసకి లెక్కపెట్టింది. ఇది రాసిందెవరు?"

"నేనే మేడమ్."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. "నకళ్ళకి సరేనని సంతకం పెట్టింది నేను," అంది నెమ్మదిగా. "ఇవాళ్టినుంచి ఆవిడ పెట్టె దగ్గరికి రాకూడదు."

"వచ్చే నెల ఇరవయ్యో తారీకుకి 'హెచ్చరిక' పాచిపోతుంది మేడమ్. నాలుగువేల ఇళ్ళు."

"తెలుసు," అంది.

పోలమ్మ ఇంటి అరుగు మీద పెసరపప్పు చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఏరేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి చేటని పట్టుకుని ఊరుకుంది. తవిటినాయుడు పక్కన కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాడు. తన తప్పు ఎక్కడుందో కూడా చెప్పాడు. ఆవిడ చేట దించకుండా విన్నది.

"నాకు తెల్దనుకున్నావేటి?" అంది చివరికి. "ఏడాదయింది. ఈ సేతికి రాయీ పప్పూ ఒక్కనాగే ఉన్నాయి."

"మరి సెప్పొద్దా అత్తా?"

"సెప్తే ఆపీస్తారు."

"ఆపాల కదా!"

"ఆపితే ఆ ఇళ్ళలో ఏటవుద్దో నువ్వెల్లి సూసొత్తావేటి?" పోలమ్మ చేట కింద పెట్టింది. "ఒరే, ఇన్నావా. అందరూ నాది పనితనం అంతారు. మేడమ్మగారు సేతులట్టుకుని దండం పెట్టీసినారు. పనితనం కాదురా ఇది. మీ మావకి కిడ్నీలు పోయినప్పుడు ఇంటికాడ నానే నీళ్ళు మార్సీదాన్ని. పగలల్లా ఆస్పత్రిలో పాతికమందికి సేసొచ్చి, మనోడే కదా అనీసి, ఒక్కపూట తొందరపడినాను. ఏలు తగిలింది. తగిలినట్టు నాకు తెలిసింది కూడాను. ఏటవుద్దిలే అనుకున్నాను. మూడోనాడు కుడితి నీళ్ళు. తొమ్మిదోనాడు మనిషి పోనాడు."

తవిటినాయుడికి మావ చీము పట్టి పోయాడనే తెలుసు. ఎలా పట్టిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఆనాటికాడ్నుంచి గొట్టం మూతి కనపడితే సాలు, ఈ సెయ్యి ఎనక్కొచ్చీస్తాది. మీ పెట్టెలో నువ్వు పడతన్నది అదీ. నేర్పరి సెయ్యి కాదు, తప్పు సేసిన సెయ్యి. నాలుగేల ఇళ్ళలో ఆ తప్పు అవకండా ఆపతంటే, స్పర్శ పోతే పోనీ అనుకున్నాను. నాకింకేటి పని దాంతోని? ఎవుల్ని నిమరాల?"

'తప్పు సేసిన సెయ్యి' అన్న మాట దగ్గరే తవిటినాయుడు ఆగిపోయాడు. నర్సుల చేతులు జనానికి ఎందుకు అంటలేదో మూడేళ్ళుగా ప్రయోగశాలలో తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్ళు ఏరికోరి ఎప్పుడూ తప్పు చెయ్యని నర్సుల్ని తెచ్చారు.

"అత్తా," అన్నాడు, "నీలాగ ఒక్కసారి కుడితి నీళ్ళు సూసినోళ్ళు ఎంతమందుంతారు, మన తొడుగులు ఏసుకున్నోళ్ళలో?"

పోలమ్మ అతని మొహంలోకి చూసింది. ఆవిడ చదువు అయిదో తరగతి. బుర్ర మాత్రం పాదరసం. "ఆళ్ళ సేతులు పడతానంతావు."

"మనిషికి పదిలోపు. మూడేసి చాలు."

"దాలమ్మకాడికి ఎల్దాం పద," అంది లేస్తూ. "సూసినాక మాటాడు."

దాలమ్మది రెండు ఊళ్ళ అవతల. నలభై దాటిన మనిషి, బక్కపల్చన, నోరు మాత్రం ఊరందరికీ సరిపోతుంది. వీళ్ళు వెళ్ళేసరికి మొగుడికి నీళ్ళు మార్చే వేళయింది.

"రాండి రాండి, ఇంజనీరు బాబు కూడా ఒచ్చినాడే! ఏటి బాబూ, నీ తొడుగు పాడైపోయి ఆరు నెల్లయింది, ఇప్పుడా రావడం?"

"ఆరు నెలలా? మరి ఎలాగ చేస్తున్నారు?"

"ఈ సేతుల్తోని. ఇంకెవులి సేతుల్తో సేస్తారు?"

మంచం మీదున్న మొగుడు నవ్వాడు. "దానికి ఒక్కసారి బయిం పుట్టింది బాబూ. తొడుగిచ్చిన కొత్తలో, దురదగా ఉందనీసి ఇప్పీసి సేసింది. నీళ్ళు కుడితినాగొచ్చినాయి. నాను పోయినట్టే అనుకుని ఈధిలో పడి ఏడ్సింది. నాను పోలేదు గానీ, ఊల్లో పరువంతా పోయింది."

"నోరు మూసుకుని పడుకో. గొట్టం నీ సేతికిచ్చీగల్ను," అంటూ దాలమ్మ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. మూతికి గుడ్డ కట్టుకుంది. అంతే, మాట ఆగిపోయింది. మనిషే మారిపోయింది. సంచి వేలాడదీసి, మూత విప్పి, గొట్టం అందుకుంది. చూపుడువేలు మూతి దగ్గరికి రాబోయి చటుక్కున ముడుచుకుంది. మణికట్టు అరవంక తిరిగింది. ఉంగరపు వేలు లోపలికి మడిచింది.

తవిటినాయుడు ముందుకి వంగాడు. ఆ అరవంక మలుపు అతనికి కంఠతా వచ్చు. మూడేళ్ళుగా తెర మీద గీతలుగా చూస్తున్నాడు. పోలమ్మ చెయ్యి అది. ఎప్పుడూ ఎదురుగా కూర్చుని నేర్పకుండానే వచ్చి ఈ ఇంట్లో ఉంది.

పోలమ్మ కూడా చూస్తోంది. దాలమ్మ పని ముగించి గుడ్డ విప్పాక, "ఒలే దాలమ్మా, ఆ సెయ్యి ఒకసారి మా పెట్టెలో పెడతావేటి?" అని అడిగింది.

"పెడితే ఏటవుద్ది?"

"నిజం సెప్తన్నాను ఇను. ఎక్కువసార్లు పెడితే తిమ్మిరెక్కి సచ్చిపోద్ది. మూడుసార్లయితే పది రోజుల్లో బాగుపడతాది. మూడుకి మించి ఈడు అడిగితే, ఈడి సెవులు పిండి నాకు కబురెట్టు."

దాలమ్మ తవిటినాయుడి చెవుల వైపు అదోలా చూసింది. "సెవులు బాగానే ఉన్నాయి పిండడానికి. పెడతాన్లే."

తర్వాతి మూడు వారాలూ పోలమ్మ అతన్ని స్కూటరు వెనక కూర్చుని ఊరూరా తిప్పింది. ప్రయోగశాల దగ్గరున్న పట్టికలో ఎవరి ఇంట్లో ఒక్కసారి చీము పట్టి మనిషి దక్కాడో వెతికి, ఆ ఇళ్ళకే వెళ్ళారు. పోలమ్మ ఎవరినీ బతిమాలలేదు. వాళ్ళు నీళ్ళు మారుస్తుంటే గడపలో కూర్చుని చూసేది. "ఈ సెయ్యి పనికొస్తాది" అనేది, లేదా "ఈవిడకి ఇంకా బయిం తీరలేదు, వొగ్గీ" అని లేచిపోయేది. ఒక్కసారి కూడా ఆవిడ లెక్క తప్పలేదు. అన్ని యంత్రాలు పెట్టుకుని తాము మూడేళ్ళు పట్టుకోలేనిది ఈవిడ గడపలో కూర్చుని ఎలా పడుతోందో తవిటినాయుడికి అంతుపట్టలేదు. అడిగితే, "సూస్తే తెలీదేటి?" అంది. అంతకన్నా వివరం ఆవిడ దగ్గర లేదు.

నలభై ఒక్క చేతులు దొరికాయి. మనిషికి మూడుకి మించకుండా పట్టారు. ఆడవాళ్ళవి ముప్పై ఆరు, మగవాళ్ళవి అయిదు. కొత్తగా తొడుగు వేసుకున్న ఒక పెళ్ళికూతురి చేతికి దాలమ్మ హెచ్చరిక ఇచ్చి చూశారు. వేలు గోరంత దూరంలో వెనక్కొచ్చింది. "ఎవరో లాగారండీ!" అని ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. విజయభారతి మేడమ్ గోడవైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

పోలమ్మ కుడిచేతికి పట్నం డాక్టరు సూదులతో పరీక్షలు చేశాడు. మణికట్టు నుంచి వేళ్ళ చివర్ల దాకా ఇక తిరిగి రాదన్నాడు. "పెద్దడాక్టరు కదా, అంత మాట సెప్పడానికి అన్ని సూదులు గుచ్చాలేటి?" అంది ఆవిడ బయటికొస్తూ.

పంతొమ్మిదో తారీకు పొద్దున తవిటినాయుడు జాబితా ముందు కూర్చున్నాడు. పోలమ్మ పక్కన కుర్చీ వేసుకుంది. పిల్ల స్టైళ్ళని ఒక్కొక్కటే ఆమె వరస కిందనుంచి తీసి కొత్త తల్లుల కింద పెట్టాలి. ఒకేసారి పట్టుకుని లాగితే పాఠాలు చెదిరిపోతాయి. చుక్కని ఇప్పుడు చేతికి లెక్కగా మార్చాడు. పోలమ్మ పేరు పక్కన అది నెత్తుటి ఎరుపుగా ఉంది.

"సదువుతుండు," అంది పోలమ్మ.

"హెచ్చరిక-వానాకాలం. ఇది దాలమ్మ కిందకి."

"ఊఁ. దాని ఇల్లు ఎలాగా కురుస్తాది."

"కరెంటు లేనప్పుడు. ఎర్రయ్య కిందకి."

"మంచోడు. సీకట్లో కూడా సెయ్యి తడబడదు."

ఒక్కో పేరుకీ ఒక్కో మాట చెప్పింది. మధ్యాహ్నమైంది. విజయభారతి మేడమ్ వచ్చి చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడింది. 'నకలు-నకలు-కొత్తది' దగ్గరికొచ్చేసరికి, "అదెందుకురా?" అంది పోలమ్మ. "ఎందుకో తెలీదత్తా" అన్నాడు. "అయితే దాన్ని ఎవులి నెత్తినా ఎట్టకు" అంది. దాన్ని చెరిపేశాడు.

చివరి పిల్ల కూడా వెళ్ళిపోయింది. పోలమ్మ వరస కింద ఏమీ మిగల్లేదు. తెర మీద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది.

"ఏటి రాసుంది?"

"ఈ వరస కింద ఏటీ నేదు, తీసీమంటావా అని అడుగుతోంది." తవిటినాయుడు మీట మీంచి చెయ్యి తీసేశాడు. "ఉంచీస్తానత్తా. నీ పేరు పైనుండనీ. ఎవరికీ అడ్డం లేదు."

"అడ్డమే. రేపెవుడో నీనాటోడు ఒచ్చి, ఇక్కడ ఒకటుంది కదా అనీసి, దానికి నకలు తీస్తాడు." పోలమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. "ఏది నొక్కాల? సూపించు."

చూపించాడు. ఆవిడ కుడిచెయ్యి ఎత్తింది. వేలు ఎక్కడుందో వేలికి తెలియదు కాబట్టి, దారం సూదిలోకి ఎక్కించేవాళ్ళలా కళ్ళు చిట్లించి, వేలి కొసనే చూసుకుంటూ మీట మీదకి దించింది. అలాగే ఉంచింది.

"నొక్కినానేటి?" అని అడిగింది. "సూసి సెప్పు బాబూ, నాకు తెలీదు."

తెర మీద నలభై ఒక్క పేర్లూ ఒక వరస పైకి జరిగాయి.

"నొక్కీసినావత్తా," అన్నాడు తవిటినాయుడు.